అభయానంద్

అభయానంద్ 1977 బ్యాచ్‌కు చెందిన ఐ.పి.ఎస్. అధికారి, భౌతికశాస్త్ర బోధకుడు. 2011 నుండి 2014 వరకు బీహార్ రాష్ట్ర పోలీసు డైరెక్టర్ జనరల్‌గా పనిచేశాడు. ఈయన తండ్రి జగదానంద్ కూడా ఇదే పదవిని నిర్వహించాడు.

ఈయన బోధన ఇంటిలోనే మొదలయింది. ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్న తన కుమార్తెకు, కుమారునికి స్వయంగా భౌతికశాస్త్రం నేర్పగా ఇద్దరూ సీట్లు సాధించారు. పేద విద్యార్థులకు ఆ స్తోమత ఎక్కడిది? అటువంటి 30 మందికి ఉచిత శిక్షణ, భోజనం, వసతి కల్పించే సూపర్ 30 పాట్నాలో 2002లో ఆరంభమైంది. అందులో ఆనంద్ కుమార్ గణితం, అభయానంద్ భౌతికశాస్త్రం బోధించారు. పోలీసు ఉద్యోగంలో ఉంటూనే ఈయన పాఠాలు చెప్పడం విశేషం. 2003లో 18 మంది ఎంపిక కాగా, 2008లో మొత్తం 30 మందీ ఎంపికయ్యారు. ఈ ఘనతలో ఎవరి పాలు ఎంత అన్నది తరువాత వివాదాస్పదమైంది. 2008లో ఈయన సూపర్ 30 నుండి వైదొలగి, మౌలానా వలీ రహ్మానీ ముస్లిం విద్యార్థుల కొరకు నెలకొల్పిన రహ్మానీ 30కి మార్గదర్శకుడయ్యాడు.

పోలీసు శాఖలో ఈయనకు పేరు తెచ్చినది 2006లో మొదలైన సత్వర విచారణల విధానం. హత్య కేసులలో సాక్షులు భయపడి వెనుదీసేవారు. అక్రమ ఆయుధాల కేసులలో సాక్షులు పోలీసులే కనుక, నేరస్థులపై ముందుగా ఆ కేసులనే నడిపి త్వరగా శిక్షలు పడేలా చేశారు.