వందా... నూట ముప్పై అయిదా?

*యమహా రెండు తరాల బళ్లపై తగ్గని మోజు*
*హద్దు దాటితే కాగితాలే కీలకం*

అగ్రహారం (యానాం): బండి కనబడక ముందే శబ్దం చెప్పేస్తుంది... వచ్చేది యమహా ఆర్ఎక్స్ అని. తయారీ ఆగిపోయి ఏళ్లు గడిచినా ఈ బండి మీద కుర్రాళ్ల మోజు తగ్గలేదు. అయితే కొనేవారికి ఎప్పుడూ ఒకటే తగువు. వంద మేలా? నూట ముప్పై అయిదు మేలా?

పెద్దన్న... ఆర్ఎక్స్ 100

జపాన్‌కు చెందిన యమహా, మన దేశంలోని ఎస్కార్ట్స్‌తో కలిసి 1985లో దీన్ని తెచ్చింది. మొదట్లో జపాన్ నుంచి విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించారు. ఇంజిన్ 98 సీసీ. బరువు వంద కిలోల పైచిలుకు. శక్తి మాత్రం 11 హార్స్‌పవర్. అదే ఏడాది వచ్చిన హీరోహోండా సీడీ 100 శక్తి 7 హార్స్‌పవర్ చిల్లరే. టూస్ట్రోక్ ఇంజిన్ తిరిగిన ప్రతి చుట్టుకూ శక్తినిస్తుంది. ఫోర్‌స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారే. అందుకే యాక్సిలరేటర్ తిప్పగానే బండి ఎగిరి దూకినట్టుంటుంది. పెట్రోలుతో పాటు ఆయిలూ మండటంతో పొగ ఎక్కువ. కాలుష్య నిబంధనలు బిగియడంతో 1996లో తయారీ ఆగింది.

తమ్ముడు... ఆర్ఎక్స్ 135

పిస్టన్ వ్యాసాన్ని 50 మిల్లీమీటర్ల నుంచి 58కి పెంచడంతో ఇంజిన్ 132 సీసీ అయింది. అయిదు గేర్ల బండిలో శక్తి 14 హార్స్‌పవర్ దాకా వచ్చింది. వందకు నాలుగు గేర్లే. సందుల్లో, సంత రద్దీలో తేలికపాటి వంద చురుగ్గా ఉంటుంది. ఎదుర్లంక వంతెన దాటి అమలాపురం వైపో, తాళ్లరేవు మీదుగా కాకినాడకో వెళ్లేవారికి అయిదో గేరు అక్కరకొస్తుంది. ఇంజిన్ మీద ఒత్తిడి తగ్గుతుంది. బ్రేకులు మాత్రం రెండింటికీ డ్రమ్‌వే. వేగం చూసి మురిసిపోయేవారు ఈ సంగతి మరవకూడదు. 2005తో దీని కథా ముగిసింది.

అసలు తిరకాసు ఇక్కడే

యానాం బండి నంబరు పీవై-04. పాత తూర్పుగోదావరి బళ్లది ఏపీ-05. పేటలు కలిసే ఉన్నా రవాణా శాఖలు వేరు. ఇక్కడ కొన్న బండిని ఆంధ్రాలో ఏడాదికి మించి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాల్సిందే. దానికి ముందు ఇక్కడి కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ (ఫారం 28) తేవాలి. అక్కడ వర్తించే జీవితకాల పన్నూ చెల్లించాలి.

ఆర్‌సీ గడువు 15 ఏళ్లు. అంటే రెండు తరాల బళ్లకూ అది ఎప్పుడో దాటిపోయింది. ఆపైన అయిదేళ్లకోసారి రెన్యువల్ తప్పదు. 20 ఏళ్లు దాటిన మోటారు సైకిళ్లకు ఈ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో రూ.2 వేలు చేసింది.

ఇంకో చిక్కు... వంద బండికి 135 ఇంజిన్ బిగించడం. అనుమతి లేకుండా ఇంజిన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. ఆర్‌సీలోని నంబరుతో ఇంజిన్ నంబరు కలవకపోతే రెన్యువల్ ఆగిపోతుంది. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా పేచీయే.

కాబట్టి బేరానికి కూర్చునే ముందు కిక్కు కొట్టి శబ్దం విని మురిసిపోతే చాలదు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఆర్‌సీ మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. అవి కలిస్తే వందైనా, నూట ముప్పై అయిదైనా మంచి బండే. కలవకపోతే హద్దు దాటాక ఇంటి ముందు బొమ్మలా నిలబెట్టుకోవాల్సిందే.