పాయింట్ తర్వాతి అంకెల విశేషాలు

ఒకటిని ఏడుతో భాగించి చూడండి. సున్నా చేర్చి 10 చేస్తే ఒకసారి పోతుంది, శేషం 3. 30లో నాలుగుసార్లు, శేషం 2. 20లో రెండుసార్లు, శేషం 6. ఆ తర్వాత వచ్చే శేషాలు 4, 5, మళ్లీ 1. మొదలుపెట్టిన ఒకటే తిరిగొచ్చింది కాబట్టి ఇక్కణ్నుంచి జరిగేదంతా ఇదివరకు జరిగిందే: 0.142857 142857... ఏడుతో భాగిస్తే మిగలడానికి వీలున్నవి 1 నుంచి 6 దాకా ఆరే. పాత శేషం మళ్లీ ఎదురుకాక తప్పదు. హారం కోటి అయినా ఇదే లెక్క. అందుకే భిన్నంగా రాయగలిగిన ప్రతి సంఖ్యా, అంటే ప్రతి అకరణీయ సంఖ్యా, దశాంశంలో ఎక్కడో ఆగుతుంది, లేదా ఒకే అంకెల గుంపును తిప్పడం మొదలుపెడుతుంది. ఆగకుండా, ఏ గుంపునూ అలా తిప్పకుండా సాగిపోయేది కరణీయ సంఖ్య. నిర్వచనంగా బట్టీ పట్టించే ఈ మాటకు ఇంత తేలికైన కారణం ఉందని ముందే చూపిస్తే పిల్లలు దాన్ని మరిచిపోరు.

142857ను 2తో గుణిస్తే 285714, 3తో గుణిస్తే 428571. 6 వరకూ ఇంతే. అవే అంకెలు, అదే వరుస, మొదలయ్యే చోటు మాత్రం వేరు. 7తో గుణిస్తే 999999.

1/19లో తిరిగే అంకెలను కుడి నుంచి ఎడమకు రాయొచ్చు. చివర 1 వేసి, ఎడమకు జరుగుతూ రెట్టింపు చేసుకుంటూ పోండి: 1, 2, 4, 8. తర్వాత 16, ఆరు వేసి ఒకటి చేతిలో ఉంచుకోండి. ఆరు రెట్టింపు పన్నెండు, చేతిలోది కలిపితే పదమూడు. మూడు వేసి మళ్లీ ఒకటి చేతిలోకి. ఇలా పద్దెనిమిది అంకెలు రాసేసరికి 052631578947368421 వస్తుంది. 19 పక్కనే 20 ఉండటం వల్ల రెట్టింపుతో పని జరిగిపోతోంది. భారతీ కృష్ణ తీర్థ పుస్తకం ‘వేదిక్ మ్యాథమెటిక్స్’ 1965లో అచ్చయ్యాక ఈ పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది.

ఏ భిన్నం ఆగుతుంది? సూక్ష్మరూపంలో హారానికి 2, 5 తప్ప మరో ప్రధాన కారణాంకం లేకపోతేనే ఆగుతుంది. మనం పదుల్లో లెక్కపెట్టడమే దీనికి కారణం. కంప్యూటర్ లెక్క రెండుల్లో కాబట్టి మనకు ఒక్క అంకెతో ముగిసే 0.1 దానికి అంతులేని వరుస: 0.000110011... ఎక్కడో కత్తిరించక తప్పదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి రక్షణ వ్యవస్థ వంద గంటలుగా ఆగకుండా నడుస్తోంది. సెకనులో పదో వంతు చొప్పున కాలాన్ని లెక్కపెట్టే ఆ యంత్రంలో కత్తిరింపు తేడా పెరిగి పెరిగి సెకనులో మూడో వంతు అయింది. దూసుకొస్తున్న స్కడ్ క్షిపణిని అది పట్టుకోలేకపోయింది. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. అయితే పదుల్లో రాసినా, రెండుల్లో రాసినా అకరణీయం అకరణీయమే, కరణీయం కరణీయమే; మారేది ఆగడం, ఆగకపోవడం మాత్రమే.

ప్రాచీన భారతీయ గ్రంథాలైన శుల్బసూత్రాల్లో చతురస్రం కర్ణానికి ఇచ్చిన కొలత ఇది: భుజానికి దాని మూడో వంతు కలపాలి, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలపాలి, ఆ నాలుగో వంతులోంచి దాని 34వ వంతు తీసెయ్యాలి. భుజం 1 అనుకుని లెక్క కడితే 577/408. రెండు వర్గమూలంతో అయిదు దశాంశ స్థానాల దాకా సరిపోతుంది. కానీ ఇది భిన్నం. 1.414 దాటగానే 2156862745098039 అనే పదహారంకెలు తిరుగుతూ ఉంటాయి. అసలు వర్గమూలానికి అలాంటి తిరుగుడు లేదు.

పై (π) విలువకు బదులుగా 22/7 వాడతాం; అది ఆరంకెలకోసారి మొదటికొస్తుంది. అయిదో శతాబ్దపు చైనా గణితజ్ఞుడు జూ చోంగ్‌జీ చెప్పిన 355/113 ఆరు దశాంశాల దాకా సరైనది. దాని అంకెలు 112కోసారి తిరుగుతాయి. మొదటి వంద అంకెలు మాత్రమే చూసినవారు దాన్నీ కరణీయమే అనుకోవచ్చు.

దీనికి సరిగ్గా ఎదురు మోసం ‘ఇ’ (e) అనే స్థిరాంకంలో ఉంది: 2.718281828... 1828 వెంటనే మళ్లీ 1828! తర్వాత వచ్చేది మాత్రం 4590. ‘ఇ’ కరణీయమని 1737లోనే గణితజ్ఞుడు ఆయిలర్ రుజువు చేశాడు.

అంకెలు చూసి తీర్పు చెప్పలేమన్నది ఇక్కడే తేలిపోతుంది. 2024లో పై (π) విలువను 202 లక్షల కోట్ల అంకెల దాకా కంప్యూటర్లు లెక్కగట్టాయి. అది గొప్ప పనే. అయినా పై కరణీయమని చెప్పడానికి అందులో ఒక్క అంకె కూడా సాక్ష్యం కాదు. తిరుగుడు ఆ తర్వాతా మొదలవ్వచ్చు కదా. ఆ సందేహాన్ని 1760ల్లోనే గణితజ్ఞుడు లాంబర్ట్ కలంతో, కాగితంతో తీర్చేశాడు.

అలాంటి రుజువు ఇంకా దొరకని సంఖ్య కూడా ఉంది. 1 + 1/2 + 1/3 అంటూ కలుపుకుంటూ పోతే వచ్చే మొత్తానికీ, చివరి హారం సహజ సంవర్గమానానికీ ఉన్న తేడా క్రమంగా 0.5772156649... వైపు వెళ్తుంది. దీని పేరు ఆయిలర్ స్థిరాంకం, గామా. ఇది భిన్నమో కాదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఒకవేళ భిన్నమే అయితే దాని హారంలో రెండు లక్షలకు పైగా అంకెలు ఉండాలని మాత్రం రుజువైంది.