ఆరోగ్యానికి అండ పికిల్‌బాల్ – షటిల్ కోర్టే వేదిక

ఆరోగ్యమే మహాభాగ్యమన్నారు పెద్దలు. సిద్దిపేటలోని కోమటి చెరువు కట్టపై ఉదయపు నడక సాగించేవారు ఈ సూక్తిని నిత్యం ఆచరిస్తున్నారు. నడకకు తోడుగా, నడివయసు దాటినవారు సైతం ఆడదగిన క్రీడ పికిల్‌బాల్.

1965లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో రూపుదిద్దుకున్న ఈ ఆటలో, రంధ్రాలు గల ప్లాస్టిక్ బంతిని పొట్టి బ్యాటుతో కొడతారు. కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. డబుల్స్ షటిల్ కోర్టు కొలతలూ ఇవే. నెట్ ఎత్తు అంచుల వద్ద 36, మధ్యలో 34 అంగుళాలు. కావున గట్టి నేల గల షటిల్ కోర్టులో నెట్‌ను దించి ఆడుకోవచ్చును. కొత్త మైదానం అవసరం లేదు.

భారత వైద్య పరిశోధన మండలి నిధులతో జరిగి, 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో మధుమేహ బాధితులు సుమారు 10.1 కోట్ల మందిగా అంచనా వేసింది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థ స్థాయి శారీరక శ్రమ చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు ఆడిన పక్షంలో ఈ లక్ష్యం నెరవేరుతుంది. గుండెకు, కండరాలకు బలం చేకూరుతుంది. నలుగురితో కలిసి ఆడటం వలన మనసుకు ఉల్లాసం కలుగుతుంది.

అయితే అమెరికాలో ఈ ఆటలో గాయపడి ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చినవారిలో అత్యధికులు 50 ఏళ్లు పైబడినవారే. జారిపడటం ముఖ్య కారణం. పట్టున్న బూట్లు ధరించాలి, ముందుగా ఒళ్లు వేడెక్కించాలి, వెనక్కు పరుగెత్తరాదు. గుండె జబ్బు, కీళ్ల నొప్పులు ఉన్నవారు వైద్యుని సలహా పొందిన పిదపనే కోర్టులో అడుగిడటం శ్రేయస్కరం.