అమ్మ చేతి ఊలుకి అరచేతి ఉతుకు

మన ప్రాంతంలో చలి ఎన్నాళ్ళని? కార్తీకంలో మొదలై, సంక్రాంతికి ముదిరి, శివరాత్రికి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. మిగతా ఏడాదంతా ఊలు బట్టలు పెట్టె అడుగునే ఉంటాయి. అందుకేనేమో, పట్టుచీరకి చేసే సేవలో పదోవంతు కూడా మనం స్వెట్టరుకి చెయ్యం. కొన్నదైతే పోనీ, ఇంకోటి కొనుక్కోవచ్చు. చేత్తో అల్లింది పాడైతే?

మా ఇంట్లో అలాంటివి మూడున్నాయి. నాన్నగారి బూడిదరంగు నిండు చేతుల స్వెట్టరు, అమ్మ కప్పుకునే జాలీ అల్లిక శాలువ, పసిపిల్లల చొక్కా-టోపీ-సాక్సు జత. 1970లలో నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల ఝాన్సీలో ఉన్నప్పుడు, క్వార్టర్సులో పక్కింటి పంజాబీ ఆవిడ దగ్గర అమ్మ అల్లిక నేర్చుకుంది. ఇప్పటికీ కుట్లని ‘సీదా, ఉల్టా’ అనే అంటుంది. కాని ఇప్పుడు అమ్మకి ఎనభై దాటాయి. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర తిరిగి సూదులు పట్టుకోలేదు. అంచేత ఆ మూడూ పోతే మళ్ళీ రావు. పైగా ఈ డిసెంబరులో మా అమ్మాయి పురిటికి వస్తోంది. “అమ్మమ్మ అల్లిన చొక్కానే నా బిడ్డకి మొదట వెయ్యాలి” అని ఇప్పటినుంచే చెబుతోంది. అందుకే ఈ మధ్య వాటిని తీసి, ఒకటొకటిగా ఉతికి పెట్టాను. ఇలాంటివి మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాయి కదా, ఆ పద్ధతి మీతోనూ చెబుదామనిపించింది.

ఊలు ఎందుకు కుంచించుకుపోతుంది?

మా వీధిలో ఒకావిడ, అత్తగారు అల్లిన స్వెట్టరుని వేడినీళ్ళ మీద వాషింగ్ మెషీన్లో వేసింది. తీసేసరికి అది బొమ్మకి తొడిగేంత అయింది, అట్టలా బిగుసుకుపోయింది. ఎంత సాగదీసినా మళ్ళీ రాలేదు. ఎందుకంటే ఊలు కూడా మన జుట్టులాంటిదే. రెండూ కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైనవే. ఊలు పోగు మీద చేప పొలుసుల్లా సన్నటి పొలుసులుంటాయి. తడి, వేడి, సబ్బు, రాపిడి కలిస్తే పోగులు ఒకదానిలోకి ఒకటి జరిగి, ఆ పొలుసులు చిక్కుపడిపోతాయి. ఒకసారి చిక్కుపడితే ఇక విడవు.

అంటే పాత స్వెట్టరుని పాడుచేసేది దాని వయసు కాదు, మన తొందర. రుద్దకపోతే, పిండకపోతే, వేడి తగలనివ్వకపోతే అది మనకంటే ఎక్కువ కాలం ఉంటుంది.

ముందు అది ఊలేనా?

మన బజార్లలో ‘ఊలు’ అని అమ్మే దారంలో చాలావరకు యాక్రిలిక్ ఉంటుంది. తెలుసుకోవడం తేలికే. లోపలి కుట్టులోంచి ఒక చిన్న పోగు తీసి, పటకారుతో పట్టుకుని, సింకు దగ్గర అగ్గిపుల్ల చూపించండి. ఊలైతే నెమ్మదిగా మండుతుంది, వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన మసి వేళ్ళ మధ్య పొడి అవుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి, చివర గట్టి పూసలా మిగులుతుంది. యాక్రిలిక్ ఊలులా బిగుసుకుపోదు కాని, ఇస్త్రీ వేడి తగిలితే సాగి జీవం లేకుండా వేలాడుతుంది. రెండూ కలిసిన దారమైతే దాన్ని ఊలుగానే లెక్కవేసి ఉతకండి.

తడపకముందే చేయాల్సినవి

వెలుతురులో పరిచి కన్నాలు చూడండి. జారిన కుట్టు ఒక్కటున్నా నీళ్ళలో అది నిచ్చెనలా కిందదాకా జారుతుంది. అదే రంగు దారంతో ముందే కట్టేయండి. అమ్మ ప్రతి స్వెట్టరుకీ మిగిలిన ఊలుని చిన్న ఉండగా చుట్టి దానితోపాటే దాచింది. యాభై ఏళ్ళ తర్వాత నాన్నగారి స్వెట్టరు మోచేతికి ఆ ఉండే అక్కరకొచ్చింది.

ఇనప హుక్కులు, బొత్తాలు ఉంటే విప్పేయండి, తుప్పు మరక పడితే పోదు. తడి తెల్లగుడ్డని లోపలి అంచు మీద కాసేపు అదిమి చూడండి. రంగు అంటితే దాన్ని ఇంట్లో ముంచకండి. ఊలు బట్టలు తెలిసిన డ్రైక్లీనింగ్ వాళ్ళకి ఇవ్వడం మేలు.

ఇంకొక ముఖ్యమైన పని. పాత దినపత్రిక మీద స్వెట్టరు పరిచి పెన్సిలుతో చుట్టూ గీత గీయండి. ఆరబెట్టేటప్పుడు ఆ గీతే మీకు కొలత.

ఏ సబ్బు?

బట్టలసబ్బు, సోడా, మామూలు సర్ఫు పొడులు వద్దు. వాటిలోని క్షారం ఊలుని గరుకు చేస్తుంది. కొన్ని పొడుల్లో మరకలు తినే ఎంజైములుంటాయి. అవి పాల మరకనీ, గుడ్డు మరకనీ తిన్నట్టే ఊలునీ తింటాయి, అన్నీ మాంసకృత్తులే కదా! బ్లీచింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అందులో ఊలు కరిగిపోతుంది.

మన కుంకుడుకాయ ఉండగా బెంగెందుకు? గింజలు తీసేసిన పది పన్నెండు కాయల్ని వేణ్ణీళ్ళలో నానబెట్టి, పిసికి, పలచటి గుడ్డలో వడకట్టండి. రసం పూర్తిగా చల్లారాక అరబకెట్ నీళ్ళలో కలపండి. దానిలో క్షారం ఉండదు. తెల్లటి ఊలుకి మాత్రం కుంకుడు రంగు కొద్దిగా పట్టవచ్చు. అలాంటి వాటికి ఊలు బట్టలకని అమ్మే ద్రవ సబ్బో, పసిపిల్లల షాంపూ ఒక చెంచానో చాలు.

ఉతుకు కాదు, స్నానం

స్వెట్టరుని తిరగేసి, గోరువెచ్చన కూడా కాని నీళ్ళలో ముంచండి. పది నిమిషాలు చాలు, రాత్రంతా నాననివ్వొద్దు. అరచేతులతో పైనుంచి నెమ్మదిగా అదుముతూ వదులుతూ ఉంటే మురికి దానంతటదే దిగుతుంది. రుద్దడం, బండకి కొట్టడం, బ్రష్షు వద్దు. మెడ, చంకల దగ్గర కాస్త రసం వేసి వేళ్ళతో తట్టండి.

జాడించే నీళ్ళు కూడా అదే చల్లదనంలో ఉండాలి. వేడినుంచి చల్లకి, చల్లనుంచి వేడికి మార్చకూడదు. నురగ పోయేదాకా రెండు మూడు సార్లు నీళ్ళు మార్చండి. సబ్బు వాడితే ఆఖరి నీళ్ళలో ఒక చెంచా వెనిగర్ కలిపితే మిగిలిన క్షారం పోతుంది.

తడిసిన ఊలుకి బలం తక్కువ, బరువు ఎక్కువ. భుజాలు పట్టుకుని ఎత్తితే చేతులు మోకాళ్ళదాకా సాగుతాయి. “పసిబిడ్డని నీళ్ళలోంచి తీసినట్టు తియ్యవే, మెడ కింద ఓ చెయ్యి, నడుం కింద ఓ చెయ్యి” అంటుంది అమ్మ. జల్లెడ బుట్టలోకి ఎత్తి నీళ్ళు కారనివ్వండి. తర్వాత పొడి తువ్వాలు మీద పరిచి, చాపలా చుట్టి, పైనుంచి అదిమితే మిగతా తడి తువ్వాలు పీల్చేస్తుంది. మెలిపెట్టి పిండకండి.

దండెం మీద వెయ్యకండి

ఇప్పుడు దినపత్రిక మీది గీత ప్రకారం సర్ది కొలత చూసుకోండి. అచ్చు ఊలుకి అంటకుండా మధ్యలో పలచటి తెల్లగుడ్డ వెయ్యండి. నులకమంచం ఉంటే దానంత మంచిది లేదు. పాత దుప్పటి పరిచి, గీత కొలతకి సర్దిన స్వెట్టరుని దానిమీద ఉంచితే కిందనుంచీ గాలి తగులుతుంది. నీడలో, ఫ్యాను గాలికి ఆరాలి. గట్టి ఎండలో రంగు వెలుస్తుంది, తెల్ల ఊలు పసుపెక్కుతుంది. ఒక పక్క ఆరాక తిప్పండి. ఒకటి రెండు రోజులు పట్టినా తొందరపడొద్దు. చెమ్మ ఉండగా మడత పెడితే బూజు ఖాయం.

కలరా ఉండల సంగతి

ఊలుని తినేది ఎగిరే చిన్న పురుగు కాదు, అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే పిల్ల పురుగు. చెమట, తిండి మరకలున్న చోట అది ముందు చేరుతుంది. కాబట్టి ఒక్కసారే తొడిగినా సరే, చలికాలం అయిపోగానే ఉతికే పెట్టెలో పెట్టాలి. ఎండబెట్టిన వేపాకు మూట పెట్టుకోండి, కాని దానిమీదే భారం వెయ్యకండి. నెలా రెణ్ణెల్లకోసారి తీసి, దులిపి, నీడన గాలికి పరిచి, మడతలు మార్చి పెట్టండి. పురుగు పట్టిందని అనుమానం వస్తే, పాలిథీన్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీలుండే డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచితే పురుగూ గుడ్లూ చస్తాయి.

పసిపిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఒక్కమాట తప్పక గుర్తుంచుకోండి. జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలు కొందరుంటారు. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ పీల్చినా, ఒంటికి తగిలినా వాళ్ళ ఎర్ర రక్తకణాలు పగిలి, కామెర్లూ రక్తహీనతా వస్తాయి. ఏ బిడ్డకి ఆ లోపం ఉందో చూస్తే తెలియదు. అంచేత కలరా ఉండల మధ్య దాచిన చొక్కా ఎంత ముద్దొచ్చినా పురిటి బిడ్డకి వెయ్యకండి. మా అమ్మ అల్లిన జత ఎప్పుడూ వేపాకు మూటతోనే ఉంది కాబట్టి నాకు ఆ భయం లేదు. అయినా సాక్సు తిరగేసి వేలాడే దారాలన్నీ కట్టేశాను. వదులు దారం పసివాళ్ళ కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఆఖరుగా ఒక చిన్న పని. ఎవరు అల్లారు, ఎవరికోసం, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో అన్నది ఒక కాగితం మీద రాసి, గుడ్డ సంచిలో పెట్టి, స్వెట్టరుతోపాటే ఉంచండి. అల్లినవాళ్ళు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి. సంవత్సరం అడిగితే అమ్మకి తేదీతో సహా గుర్తుంది!