గ్రామ జీవసంపదకు లెక్క: పెద్దల తెలివి, విద్యార్థుల శ్రమ

గ్రామ పంచాయతీ కార్యాలయములో ఇంటిపన్నుల లెక్క కలదు. జనన మరణముల లెక్క కలదు. వీధిదీపములకును, మంచినీటి కుళాయిలకును, పంచాయతీ స్థలములకును వేరువేరు పుస్తకములు కలవు. కాని ఊరి చెరువులో ఎన్ని రకముల చేపలు పెరుగుచున్నవి? పోరంబోకు భూమిలో ఏయే మందుమొక్కలు మొలచుచున్నవి? ఇరువది సంవత్సరముల క్రిందట మన రైతులు విత్తిన జొన్న రకములలో నేడు ఎన్ని మిగిలియున్నవి? ఈ ప్రశ్నలకు తృప్తికరముగా సమాధానము చెప్పగల పుస్తకము ఎన్ని పంచాయతీలలో నున్నదో సభ్యులే యోచింపవలెను.

సమాధానము ఊరిలో లేకపోలేదు. చెరువు సంగతి చేపలు పట్టువారికి తెలియును. అడవి సంగతి గొఱ్ఱెల కాపరికిని, తేనె తీయువానికిని తెలియును. చేలగట్లపై మొలచు గంగవావిలి, పొన్నగంటి, చెంచలి కూరలను ఎప్పుడు కోయవలెనో, ఎట్లు వండవలెనో మన ఇల్లాండ్రకు తెలియును. కాని ఈ తెలివిలో చాల భాగము కాగితముపైకి ఎక్కలేదు. చెప్పగల పెద్దలు ఒక్కరొక్కరుగా గతించుచున్నారు. వారితోపాటు ఈ తెలివియు పోవుచున్నది. పోయినదని కూడ ఎవరికిని తెలియకుండ పోవుచున్నది.

ఈ లెక్కను గ్రామస్థులే వ్రాసికొనుటకు చట్టము మార్గము నేర్పరచినది. అందుకు వలసిన చురుకైన కన్నులు, చేతులు మన పాఠశాలలలోను, సమీప కళాశాలలలోను కలవు. ఈ రెంటిని కలుపు పని పంచాయతీది.

చట్టము ఏమి చెప్పుచున్నది?

ఒక ప్రదేశమున నున్న చెట్టుచేమలు, పశుపక్ష్యాదులు, చేపలు, పురుగులు, కంటికి కనబడని సూక్ష్మజీవులు, వానిలోని రకములు, అవి నివసించు తావులు, వీనినన్నిటిని కలిపి జీవవైవిధ్యమందురు. రైతు విత్తు నాటు వరి రకమును, పుంగనూరు ఆవు వంటి దేశవాళీ పశుజాతియు ఇందులో చేరినవే.

ఈ సంపదను కాపాడుటకు భారత పార్లమెంటు 2002లో జీవవైవిధ్య చట్టమును చేసినది. ఈ చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు తన పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచవలెను. గ్రామస్థులను సంప్రదించి 'ప్రజా జీవవైవిధ్య రిజిష్టరు'ను తయారుచేయుట ఆ కమిటీకి ముఖ్యమైన పని. ఊరి జీవజాతులు, పంటల రకములు, వాని ఉపయోగములు, వానిని గురించి పెద్దలకు తెలిసిన విషయములు అందులో వ్రాయబడవలెను.

కమిటీకి అధికారములు కూడ కలవు. గ్రామ పరిధిలోని జీవవనరులను వాడుకొను విషయమై నిర్ణయములు చేయునపుడు జాతీయ ప్రాధికార సంస్థయు, రాష్ట్ర జీవవైవిధ్య మండలియు ఈ కమిటీని సంప్రదించవలెను. వ్యాపారము కొఱకు ఊరినుండి జీవవనరులను సేకరించువారిపై కమిటీ రుసుము విధింపవచ్చును. తన జీవనమునకై ఆకులు, కాయలు ఏరుకొను గ్రామస్థునికిగాని, నాటువైద్యునికిగాని దీనివలన ఇబ్బంది యుండరాదనియే చట్టము ఉద్దేశము.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో గట్టి గడువు విధించి, 2020 జనవరి 31వ తేదీలోగా దేశమందంతటను కమిటీలను, రిజిష్టర్లను పూర్తి చేయవలెనని ఆదేశించినది. తత్ఫలితముగా నేడు దేశములో రెండున్నర లక్షలకు పైగా కమిటీలు ఏర్పడినవి. సంఖ్య గొప్పదే. కాని గడువు తరుముచుండగా వ్రాసిన పుస్తకమును, ఊరు కూర్చుండి వ్రాసికొన్న పుస్తకమును ఒకటి కావు. పొరుగూరి పట్టికను నకలు తీసినచో పేజీలు నిండునుగాని, మన చెరువు సంగతి మనకు తెలియదు. కావున రిజిష్టరు ఉన్నదా యని మాత్రమే గాక, అందున్నది నిజమా యని కూడ సభ్యులు విచారింపవలెను.

వ్రాసియుంచుటవలన లాభమేమి?

"మాకు తెలిసినదానిని మరల వ్రాయనేల?" అని కొందఱు అడుగుచుందురు. రెండు ఉదాహరణములు చూపుదుము.

పసుపు పూసినచో గాయము మానునని మన ఇండ్లలో తెలియనివారు లేరు. ఐనను ఆ గుణమునే తమ క్రొత్త కల్పనగా చూపి ఒక అమెరికా సంస్థ 1995లో ఆ దేశమున పేటెంటు పొందినది. భారత శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి దీనిని సవాలు చేసినది. "మా అవ్వకు తెలియును" అన్న మాట అక్కడ చెల్లదు. ప్రాచీన గ్రంథములు, పత్రికలు మొదలగు వ్రాతపూర్వకమైన ఆధారములను చూపిన పిమ్మటనే 1997లో ఆ పేటెంటు రద్దయినది. పసుపునకు వ్రాత ఆధారము దొరికినది. మన ఊరి కొండవాలున పెరుగు, మన ఊరివారికే తెలిసిన వేరునకు ఆధారము ఏది? రిజిష్టరులో వ్రాసిననాడే అది ఏర్పడును.

రెండవ ఉదాహరణము కడప జిల్లాకు చెందినది. కలివిపొదలు పెరుగు చిట్టడవులలో పగలు దాగియుండి రాత్రివేళ తిరుగు చిన్న పక్షి ఒకటి గలదు. స్థానికులు దానిని కలివికోడి యందురు. శాస్త్రజ్ఞులు దీనిని 1848లో తొలిసారి వర్ణించిరి. 1900 తరువాత అది వారి కంటబడలేదు. అందుచే నశించిపోయినదని తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు, పక్షులు పట్టు ఒక స్థానికుని సాయముతో, దానిని మరల కనుగొనిరి. శాస్త్రలోకము ఎనుబదియారేండ్లు ఎఱుగని పక్షిని ఎఱిగినవారు ఆ గ్రామములలో ఉండిరన్న మాట.

తరువాత పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారిన పిదప వానిపై పడిన అడుగుజాడలను పరిశీలించి, ఆ పక్షి తిరుగు తావులను గుర్తించిరి. ఈ పద్ధతికి పెద్ద యంత్రములు అక్కరలేదు, ఓపిక వలయును. తెలుగుగంగ కాలువ ఆ తావులమీదుగా రాబోయినపుడు దాని దారిని మార్చుట సాధ్యమైనది. పక్షి యెక్కడ నున్నదో నమోదై యుండుటచేతనే ఈ మేలు కలిగినది. ఎచ్చట ఏమున్నదో వ్రాతలో లేనిచో, పోగొట్టవలదని అడుగుటకు కూడ ఆధారముండదు.

విద్యార్థులు ఏమి చేయగలరు?

శాస్త్రజ్ఞులు ప్రతి ఊరికి రాలేరు. ప్రతి ఋతువులోను ఉండలేరు. విద్యార్థులు ఊరిలోనే యుందురు. చూచినదానిని ఉన్నదున్నట్లు వ్రాయుట నేర్చిన విద్యార్థి శాస్త్రమునకు ఉపకరించును. ప్రజాజీవవైవిధ్య రిజిష్టర్ల ఆలోచనకు రూపమిచ్చిన వారిలో ముఖ్యుడైన పర్యావరణ శాస్త్రజ్ఞుడు మాధవ్ గాడ్గిల్ కూడ, స్థానిక ప్రజలతోపాటు అధ్యాపకులును విద్యార్థులును ఈ పనిలో పాల్గొనవలెనని ప్రోత్సహించెను.

చెన్నపట్టణమున 1988 నుండి విద్యార్థుల బృందము ఒకటి సముద్రతాబేళ్ల రక్షణకు పనిచేయుచున్నది. గ్రుడ్లు పెట్టు కాలమున రాత్రివేళ ఇసుకపై మైళ్ల కొలది నడచి, తాబేళ్ల గూళ్లను గుర్తించి, గ్రుడ్లను భద్రమైన చోటికి చేర్చి, పిల్లలు వెలువడగానే సముద్రమున విడిచిపెట్టుదురు. ప్రతి గూటిని లెక్క వ్రాయుదురు. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన మృత తాబేళ్లను కూడ లెక్క వ్రాయుదురు. ఇవే తాబేళ్లు మన ఆంధ్ర తీరమునకును వచ్చును. తీరగ్రామముల పంచాయతీలు ఈ విషయమును గమనింపవలెను.

దేశమందలి పక్షుల స్థితిని తెలుపు నివేదిక ఒకటి 2023లో వెలువడినది. సుమారు 30,000 మంది పక్షి పరిశీలకులు నమోదు చేసిన మూడుకోట్ల పరిశీలనలు దానికి ఆధారము. వీరిలో జీతమునకు పనిచేయువారు కొలదిమంది. తక్కినవారు మనవంటి పౌరులే. 942 జాతులను పరిశీలించి, 178 జాతుల విషయమున అత్యధిక శ్రద్ధ అవసరమని తేల్చిరి. దసరానాడు దర్శించిన శుభమని తెలంగాణములో భావించు పాలపిట్ట కూడ తగ్గిపోవుచున్నదని ఈ లెక్కలవలననే తెలిసినది. ఒక్క మనిషి ఒక్క ఊరిలో చూచినచో ఈ సంగతి తేలదు. వేలమంది, ఏండ్ల తరబడి, ఒకే పద్ధతిని చూచి వ్రాసినందున తేలినది.

పంటల విషయమున జహీరాబాదు ప్రాంతపు స్త్రీలు చూపిన దారి తెలిసికొనదగినది. అక్కడ దక్కను అభివృద్ధి సంఘమునకు చెందిన మహిళా సంఘములవారు కొఱ్ఱ, సామ, జొన్న మొదలగు పాత పంటల విత్తనములను ఊరూర నిలువచేసి, సంక్రాంతి కాలమున ఎడ్లబండ్లపై ఊరేగించి జాతర జరుపుదురు. ఈ సంఘమునకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటర్ బహుమతి లభించినది. విద్యార్థులు ఇట్టి స్త్రీలయొద్ద కూర్చుండి, ఏ విత్తనము ఏ నేలకు తగునో, ఏది ఎన్నిరోజులకు కోతకు వచ్చునో వ్రాసికొన్నచో రిజిష్టరులోని పంటల భాగము సిద్ధమగును.

పని జరుపు విధానము

1. కమిటీ మొదట గ్రామ పటమును తీసికొని చెరువులు, కుంటలు, వాగులు, గుట్టలు, బంజరులు, తోపులు, పెద్ద చెట్లు గుర్తింపవలెను.

2. ప్రధానోపాధ్యాయునితోను, సమీప కళాశాల వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర అధ్యాపకులతోను మాట్లాడి, విద్యార్థులను అయిదారుగురు చొప్పున జట్లుగా ఏర్పరచవలెను. జాతీయ సేవా పథకపు దళములను, పాఠశాల పర్యావరణ సంఘములను ఇందుకు వినియోగింపవచ్చును.

3. ప్రతి జట్టునకు ఒక పెద్దను జతచేయవలెను. చెరువు జట్టునకు చేపలు పట్టువాడు, బంజరు జట్టునకు కాపరి, విత్తనముల జట్టునకు అనుభవముగల రైతు స్త్రీ గురువులు కాగలరు.

4. చూచిన తేదీ, వేళ, చోటు, ఊరివారు పిలుచు పేరు, సంఖ్య, చెప్పినవారి పేరు, వీనిని అక్కడికక్కడే వ్రాయవలెను. చరవాణితో తీసిన ఛాయాచిత్రమును చేర్చినచో, అధ్యాపకులు శాస్త్రీయ నామమును తరువాత నిర్ణయింపగలరు. తెలియనిదానిని ఊహించి వ్రాయరాదు.

5. ఒకే దారిని, ఒకే వేళకు, వానాకాలమున, చలికాలమున, ఎండకాలమున మరల మరల చూడవలెను. కనబడనిదానిని కనబడలేదని వ్రాయుటయు ముఖ్యమే. నిరుడు నూరు కొంగలు వ్రాలిన చెరువున ఈయేడు పది మాత్రమే వ్రాలినచో, ఆ తేడాయే మనకు హెచ్చరిక.

6. వ్రాసినదానిని గ్రామసభలో చదివి వినిపించి, తప్పులు దిద్ది, ఆ తరువాతనే రిజిష్టరున ఎక్కింపవలెను.

కొన్ని జాగ్రత్తలు

పిల్లలు ఒంటరిగా తిరుగరాదు. తల్లిదండ్రుల అనుమతియు, ఉపాధ్యాయుని తోడును, కాళ్లకు చెప్పులును, త్రాగుటకు నీరును ఉండవలెను. అడవిలో ప్రవేశించుటకు ముందు అటవీశాఖవారి అనుమతి పొందవలెను. గూళ్లను కదల్చుట, మొక్కలను వేళ్లతో పెకలించుట, జంతువులను పట్టుట కూడదు. సముద్రతాబేలు గ్రుడ్లు వంటివానిని శిక్షణపొందినవారు అధికారుల అనుమతితో మాత్రమే ముట్టవలెను.

మరియొక ముఖ్యవిషయము గలదు. రిజిష్టరు అందఱికిని తెరచియుంచు పుస్తకము కాదు. అరుదైన మొక్క యెక్కడ నున్నదో బయటికి పొక్కినచో, దొంగలు ముందుగా అచ్చటికే వత్తురు. ఎఱ్ఱచందనపు అడవుల చెంత నున్న గ్రామములవారికి ఈ బాధ క్రొత్త కాదు. నాటువైద్యుడు తన మందును వెల్లడి చేయుటకు ఇష్టపడనిచో బలవంతము చేయరాదు. ఆయన చెప్పిన మేరకే, ఆయన సమ్మతితోనే వ్రాయవలెను. అట్టి పుటలను చూపుటకు ఎవరికి అనుమతి ఈయవలెనో కమిటీయే నిర్ణయింపవలెను.

పంచాయతీ కర్తవ్యము

ఈ పనికి పెద్ద మొత్తము అక్కరలేదు. నోటుపుస్తకములు, కొలత టేపులు, ప్రయాణపు ఖర్చులు, పిల్లలకు ఫలహారము ఉన్న చాలును. కావలసినది సభ్యుల పట్టుదల. పాఠశాల సంవత్సరము మారగానే జట్టులోని పిల్లలు మారుదురు. ఎన్నికలు రాగానే సభ్యులును మారుదురు. రిజిష్టరు మాత్రము నిలువవలెను. కావున పై తరగతి విద్యార్థులు క్రింది తరగతివారికి పని నేర్పునట్లును, ఏడాదికొకసారి గ్రామసభ దానిని పరిశీలించునట్లును తీర్మానము చేసికొనుట మంచిది.

దీనివలన పిల్లలకు కలుగు లాభము కూడ తక్కువది కాదు. పుస్తకమున చదివిన పాఠమును వారు చెరువుగట్టున చూతురు. తాతకు తెలిసినది చదువే యని గ్రహింతురు. రేపు ఆ చెరువును పూడ్చవలెనని గాని, ఆ గుట్టను త్రవ్వవలెనని గాని ఎవరైన వచ్చినపుడు, అక్కడ ఏమున్నదో తేదీతో, లెక్కతో చెప్పగల యువకులు ఊరిలో ఉందురు.

వచ్చు గ్రామసభ కార్యక్రమములో ఈ విషయమును చేర్చవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. మీ పంచాయతీ రిజిష్టరును బీరువానుండి వెలికి దీసి, ఊరి పెద్దల యెదుట చదివి వినిపింపుడు. ఇది మన ఊరిదేనని వారు ఒప్పుకొన్నచో, ఈ సంవత్సరపు సంగతులను దానికి చేర్పుడు. ఒప్పుకొననిచో, పిల్లలను పిలిచి, పెద్దలను కూర్చుండబెట్టి, మొదటి పుటనుండి మరల వ్రాయింపుడు.