కుంజుమ్ కనుమ మీదికి సైకిల్

స్పితికి బైక్ మీద వెళ్ళొచ్చాం అనగానే హాస్టల్లో అందరూ అడిగేది ఒకటే: "ఏ బండిరా?" సైకిల్ అంటే ముందు నమ్మరు. నమ్మాక ఇంకో ప్రశ్న: "కాళ్ళు పడిపోలేదా?" పడిపోలేదు. నిజానికి ఆ దారిలో కాళ్ళ గురించి బెంగ పెట్టుకోవాల్సింది ఆఖర్న. వచ్చే వేసవిలో వెళ్దామని కొందరు జూనియర్లు అడుగుతున్నారు కాబట్టి, ముందు దేని గురించి ఆలోచించాలో రాస్తున్నా.

కుంజుమ్ హిమాచల్ ప్రదేశ్‌లో స్పితి లోయనీ చంద్రా నది లోయనీ కలిపే కనుమ. ఎత్తు దాదాపు 4,550 మీటర్లు. చలికాలమంతా మంచుతో మూసుకుపోయి, మామూలుగా మే చివర్లోనో జూన్‌లోనో తెరుచుకుంటుంది. కనుమకు రెండు వైపులా చాలా దూరం కంకర, మట్టి, గుండ్రాళ్ళే. మనాలీ వైపు నుంచి వస్తే బాతల్ దగ్గర ఎక్కుడు మొదలై పది పన్నెండు కిలోమీటర్లలోనే 600 మీటర్లు లేపుతుంది. కాజా వైపు నుంచి వస్తే ఆఖరి ఊరు లోసర్. అక్కడి నుంచి సుమారు 19 కిలోమీటర్లు, ఎక్కాల్సింది 500 మీటర్ల లోపే.

మనాలీ నుంచి అయితే దూరం తక్కువ కదా అని చాలామంది అటే వెళ్తారు. సైకిల్‌కి నేనైతే సిమ్లా దారే మంచిదంటాను. మాది కాకినాడ. పుట్టినప్పటి నుంచి సముద్రమట్టంలో పీల్చిన ఊపిరితిత్తులు ఇవి. కుంజుమ్ మీద గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, ఇక్కడలాగే 21. తగ్గేది గాలి ఒత్తిడి. అది ఇక్కడున్న దాంట్లో 57 శాతం దాకా ఉంటుంది. అంటే ప్రతి ఊపిరికీ అందేది సగం కంటే కాస్త ఎక్కువ. దీనికి శరీరం అలవాటు పడాలంటే రోజులు పట్టాల్సిందే, షార్ట్‌కట్ లేదు. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ ఇంకో రాత్రికీ పడుకునే ఎత్తు 500 మీటర్ల కంటే పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలనీ డాక్టర్లు చెప్తారు. సిమ్లా, కల్పా, నాకో, తాబో, కాజా మీదుగా వస్తే ఈ లెక్క దాదాపు దానంతటదే కుదురుతుంది. మనాలీ నుంచి బాతల్‌కి ఒక్కరోజులో జీపులో వస్తే అస్సలు కుదరదు.

ఫిట్‌గా ఉంటే ఇవన్నీ అక్కర్లేదు అనుకునేవాళ్ళకి ఒక మాట. మా నలుగురిలో అందరికంటే గట్టి రైడర్ మా సీనియర్ అన్న. లోసర్‌లో రాత్రి తలనొప్పి మొదలైంది, అన్నం సహించలేదు, తెల్లారేసరికి వాంతి. నెలల తరబడి ప్లాన్ చేసిన ట్రిప్ అది. కనుమ ఇంకా 19 కిలోమీటర్లే. అయినా అన్నే అన్నాడు, "నేను కిందికి పోతాను, మీరు వెళ్ళండ్రా" అని. ఒకణ్ణి తోడిచ్చి కాజా వెళ్ళే జీపు ఎక్కించాం. ఆ లక్షణాలతో పైకి వెళ్తే మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరే ప్రమాదముంది. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అది అర్ధరాత్రైనా సరే కిందికి దించెయ్యాలి.

ఇక కంకర. తారు మీద తిరిగే గట్టి గాలితో దీని మీదికి వస్తే సైకిల్ ప్రతి రాయికీ బంతిలా ఎగురుతుంది. మేము రెండంగుళాల పైన వెడల్పున్న టైర్లలో గాలి 28 పీఎస్ఐకి దించాం. అప్పుడు టైరు రాయి చుట్టూ కాస్త నొక్కుకుని పట్టు దొరుకుతుంది. మరీ దించితే ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు బొక్కలు పడతాయి. వాటికి పాము కాటు అని ముద్దుపేరు.

ఎక్కుడులో సీటు మీంచి లేవొద్దు. లేస్తే వెనక చక్రం మీద బరువు తగ్గి, అది ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మోచేతులు వంచి, ఛాతీ హ్యాండిల్ వైపు వంచి, లారీ టైర్లు రాళ్ళను పక్కకు తోసేసిన గాడిలో పోవాలి. గేర్ లెక్క కూడా చెప్తా (సీఎస్ఈ బుద్ధి ఎక్కడికి పోతుంది!). ముందు 32 పళ్ళు, వెనక 42 పళ్ళు, చక్రం చుట్టుకొలత 2.3 మీటర్లు అనుకుంటే పెడల్ ఒక్క చుట్టుకి 1.75 మీటర్లు కదులుతాం. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 6.3 కిలోమీటర్లు. నడకకంటే కొంచెం మేలు, అంతే. వెనక పెద్ద పళ్ళచక్రం లేని సైకిల్ అద్దెకిస్తామంటే తీసుకోకండి.

తెల్లవారుజామునే ఎందుకు బయల్దేరాలంటే, దాటాక వచ్చే నాలాల కోసం. బాతల్ నుంచి గ్రాంఫూ దాకా రోడ్డు మీదే పారే మంచునీటి వాగులివి. రాత్రి చలికి కరగడం తగ్గి పొద్దున్న పిక్కల లోతు ఉన్న వాగు, ఎండెక్కాక మధ్యాహ్నానికి మోకాళ్ళు దాటేస్తుంది. అందుకని పైన కుంజుమ్ మాత గుడి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. బస్సులు, లారీలు కూడా ఆ గుడి చుట్టూ తిరిగి గానీ ముందుకి పోవు. మేమూ ఓ ప్రదక్షిణ చేసి, బాతల్‌కి దిగి, దాబాలో పడుకుని, నాలాలను మర్నాటి పొద్దుటికి వదిలేశాం. వాగు దాటేటప్పుడు సైకిల్‌ని నీళ్ళు పోయే వైపు ఉంచి నెట్టండి. ప్రవాహం దాన్ని తోసినా మీ మీద పడదు. చెప్పులు వేసుకోండి, బూట్లు మెళ్ళో తగిలించుకోండి. తడిసిన బూట్లు ఆ చలిలో రెండ్రోజులైనా ఆరవు.