పురుషనామము – స్త్రీస్వాతంత్ర్యము

పురుషవేషము ధరించిన స్త్రీ యనగానే ఆంధ్రులకు స్ఫురించు పేరు రుద్రమదేవి. ఆమె కాకతీయ గణపతిదేవుని కుమార్తె. తండ్రి ఆమెకు రుద్రుడను పురుషనామ మొసగెనని విద్యానాథుని ప్రతాపరుద్రీయము తెలుపుచున్నది. శాసనములును ఆమెను రుద్రదేవ మహారాజుగా పేర్కొనుచున్నవి. పురుషవేషముననే ఆమె సభ తీర్చెడిదని ప్రసిద్ధి.

ఈ నామమునకు మన వ్యాకరణమునందు ఒక విశేష మున్నది. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) ననుసరించి పురుషవాచకములు మహత్తులు. స్త్రీవాచకములు జంతుజడవాచకములతో గూడ అమహత్తులు. కనుకనే 'అతడు వచ్చినాడు' అనుచు, 'ఆమె వచ్చినది', 'ఆవు వచ్చినది' అనుచున్నాము. బహువచనమున మాత్రము స్త్రీపురుషుల కిరువురకును 'వచ్చినారు' అను నొక్క రూపమే. కావున రాజశబ్దమును చేర్చి, గౌరవార్థమున బహువచనము ప్రయోగించినచో, ఏలునది స్త్రీయని క్రియాపదము వలన తెలియదు. రుద్రమ స్త్రీత్వమును వేషముతోపాటు భాషయు మరుగుపరచినది.

ఫ్రాన్సు దేశమున ఇందుకు భిన్నమైన మార్గము కానవచ్చును. పురుషవేషము ధరింపగోరు స్త్రీ పోలీసుల అనుమతి పొందవలెనని పారిసు నగరమున 1800లో ఉత్తరువు వెలువడెను. 1892, 1909 సంవత్సరములలో సైకిలు తొక్కువారికి, గుర్రపుస్వారి చేయువారికి అది సడలింపబడెను. 1922లో విక్టర్ మార్గెరిత్ రచించిన 'లా గార్సొన్' నవలలో నాయిక జుట్టు కత్తిరించుకొని, పురుషునివలె స్వేచ్ఛగా జీవించును. బాలుడను నర్థముగల ఫ్రెంచి పదమునకు స్త్రీప్రత్యయము చేర్చగా ఈ పేరు ఏర్పడినది. ఇచ్చట స్త్రీత్వము దాగలేదు. బాహాటముగా పురుషపదమునకు తోడైనది. అందువలననే కాబోలు అలజడి రేగెను. 1923లో రచయిత ప్రభుత్వ గౌరవమైన లెజియన్ దొనర్‌ను కోల్పోయెను. అయినను ఫ్రెంచి స్త్రీలకు ఓటుహక్కు లభించినది 1944లోనే.

వేషము మారినంతమాత్రమున ధర్మము మారదని ఈ రెండు చరిత్రలును సూచించుచున్నవి. పురుషనామము రుద్రమ కొక్కతెకు సింహాసన మొసగినది. కుమార్తెలకు వారసత్వహక్కును స్థాపింపలేదు. 1289లో ఆమె మరణించిన పిమ్మట రాజ్యము దౌహిత్రుడైన ప్రతాపరుద్రునకు సంక్రమించెను.

కమాన్‌పూర్ ప్రాంతపు బొగ్గుగనులకు వర్తించు శాసనముతో దీనిని పోల్చి చూడవచ్చును. 1952 నాటి గనుల చట్టము భూగర్భమున స్త్రీలు పనిచేయుటను నిషేధించినది. 2019లో కేంద్రప్రభుత్వము కొన్ని షరతులతో అందుకు అనుమతి నిచ్చినది. ఇచ్చట స్త్రీ తన పేరు మార్చుకొనలేదు, నిబంధనయే మారినది. కావున స్త్రీస్వాతంత్ర్య చరిత్రను పరిశోధించువారు, ఒకరికి దక్కిన మినహాయింపును అందరికి చెందు హక్కును వేర్వేరుగా గుర్తింపవలసి యున్నది.